గంప పఫ్

ఫ్రీజర్ గోడలకు పేరుకున్న మంచును చెక్క అట్లకాడతో గీకుతున్నాడు ఇమాం. ఇనుప గరిటె అయితే పని తొందరగా తెములుతుంది. కానీ ఫ్రీజర్‌కు గీత పడుతుందని అతని బెంగ. ఊడిన మంచు పెళ్ళలు ఒక్కొక్కటే బకెట్లో పడుతున్నాయి.

ఆ ఫ్రీజర్ ఐస్‌క్రీం కంపెనీ వాళ్ళు బేకరీకి ఇచ్చింది. ఎండాకాలం వెళ్ళాక అందులో ఐస్‌క్రీములు నామమాత్రం, మిగతా చోటంతా ఇమాం సామ్రాజ్యం. సోమవారం పొద్దున దాన్ని ఖాళీ చేసి, కడిగి, తుడిచి మళ్ళీ స్విచ్చి వేయాలి. ఈ పని చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. పాడైపోయే వస్తువును చూస్తే అతను ఊరుకోలేడు, అంతే.

ఇమాం పొట్టివాడు. ఒంటి మీద లేని కండంతా చేతుల్లో ఉంది. కుడిచేతి మీద వెంట్రుకలు భట్టీ సెగకు ఎప్పుడో మాడిపోయి, మోచేతి దాకా నున్నగా ఉంటుంది. కనుబొమలు కూడా సగమే మిగిలాయి. గళ్ళ లుంగీ, చేతుల్లేని బనియను, తలకు తువ్వాలు. జగ్గయ్యపేట బజారులో నడిచిపోతుంటే అతని వెనక బన్ను వాసన వస్తుందని పిల్లలు అంటారు. ఆ మాటకు అతను మురిసిపోతాడు.

ఫ్రీజర్లోంచి ఒక్కొక్కటే బయటికి తీశాడు. పాలిథిన్ సంచిలో గడ్డకట్టిన బఠానీలు. ఎవరి పెళ్ళిరోజు ఆర్డరుకో తెచ్చి మిగిలిన పనీరు ముక్క. సగం కొబ్బరి చిప్ప. వాటి కింద, వారమంతా పోగైన పఫ్ పిండి అంచులు. పఫ్‌లకు పిండిని చదరాలుగా కోస్తే పక్కల సన్నటి పేలికలు మిగులుతాయి. వేరే బేకరీల్లో వాటిని ముద్ద చేసి బిస్కెట్లలో కలిపేస్తారు. ఇమాం మాత్రం వాటిని ఒకదాని మీద ఒకటి పరుపుల్లా పేర్చి దాస్తాడు. ముద్ద చేస్తే పొరలు చచ్చిపోతాయని అతని వాదన.

ఈ అంచులతోనూ, నిన్నటి కూరల కొసలతోనూ ప్రతి సోమవారం అతను ఒకే ఒక్క పెద్ద పఫ్ చేస్తాడు. కేకు రేకులో, పళ్ళెమంత. అది అమ్మకానికి కాదు, బేకరీలో వాళ్ళు తినడానికి. పిండి పిసికి, సరుకు ఊళ్ళకు వేసొచ్చే తిరుపతిరావు దాన్ని మొదటిసారి చూసి, "ఇదేం పఫ్ ఇమాం బాయ్, కలగూరగంప!" అన్నాడు. ఆనాటి నుంచి దాని పేరు గంప పఫ్. ఇంకా ముద్దుగా గంప.

ఇమాం భార్య రసూల్‌బీకి అదంటే ప్రాణం. సోమవారం రాత్రి అతని చేతిసంచి ఎటు పెడితే ఆమె కళ్ళు అటు తిరిగేవి. నెలన్నర నుంచి సంచి ఖాళీగా వెళుతోంది. ఆమె కాళ్ళు నీరు పట్టాయి, ముఖం ఉబ్బింది. నందిగామలో ఉన్న కూతురు జీనత్ అక్కడి డాక్టరుకు చూపిస్తే, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఉప్పు బాగా తగ్గించాలని చెప్పాడు. తగ్గించడమంటే ఆ ఇంట్లో తెలిసింది మానెయ్యడమే. అప్పటి నుంచి రసూల్‌బీ రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరుపుతోంది. ఒళ్ళు నీరుతో నిండింది గానీ మనిషి లోపల ఎండిపోతోంది.

పోనీ ఉప్పు లేకుండా చిన్న పఫ్ విడిగా చేయొచ్చు కదా అంటే, చేశాడు. గిన్నె మూతంత పఫ్ ఒకటి చేసి ఎంతో ఆశగా పట్టుకెళ్ళాడు. ఆమె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది గంపలోంచి కోసిన ముక్క కాదు గదా?"

"కాదు. నీకోసమే చేసా. ఉప్పెయ్యలేదు."

"రోగిష్టిదానికి విడిగా చేసిన తిండి నాకొద్దయ్యా. అందరూ తినేదాంట్లోంచి తే, తింటా. లేకపోతే మానెయ్."

ఎంత బతిమాలినా ముట్టలేదు. తెల్లారి ఆ పఫ్‌ను కోళ్ళకు వేశారు. అందరూ తినేదాంట్లో ఉప్పు ఉంటుంది, ఉప్పు లేనిదేమో ఆమె తినదు. ఈ ముడి ఎలా విప్పాలో ఇమాంకు పాలుపోలేదు. ఈ పొద్దున కూడా, ఒక్కపొద్దుకు ముందు చీకటితో తినే సహరి వేళకు ఆమే లేచి, గోడ పట్టుకుని నడిచి, అతనికి అన్నం వేడిచేసి పెట్టింది. తను మాత్రం ఒక్క ముద్ద తిని చెయ్యి కడుక్కుంది. అది చూశాక అతను అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. తిన్నట్టు నటించి లేచాడు.

"ఏందయ్యా, ఇయ్యాళ గంప రోజు గదా?" అంది ఆమె, అతను చెప్పులు తొడుక్కుంటుంటే. తెమ్మని అనలేదు. తెమ్మని అని ఉంటే కోప్పడి వచ్చేవాడు. ఊరికే అడిగింది కాబట్టి ఆ మాట దారి పొడుగునా అతనితో పాటే నడిచింది.

మధ్యాహ్నానికి బేకరీ సద్దుమణిగింది. తిరుపతిరావు మోపెడ్‌కు రెండు వైపులా బ్రెడ్డు ట్రేలు కట్టుకుని పెనుగంచిప్రోలు వైపు వెళ్ళాడు. సాయంత్రానికి గాని రాడు. గల్లాపెట్టె దగ్గర యజమాని రాధాకృష్ణమూర్తి గారు తలకు చెయ్యి ఆనించి కునుకు తీస్తున్నారు. వాళ్ళు పచ్చి శాకాహారులు. అయినా బేకరీలో ఎగ్ పఫ్ అమ్ముతారు. గుడ్డును ఆయన ముట్టరు, ఆయన గల్లాపెట్టె ముట్టుకుంటుంది. కార్తీకమాసం వచ్చిందంటే మాత్రం అదీ ఉండదు. ఆ నెల బేకరీలో గుడ్డు లేదు, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. "వ్యాపారం పదకొండు నెలలు చేస్తే చాలయ్యా," అంటారాయన.

ఇమాం ఉడికిన బంగాళాదుంపల్ని చేత్తో చిదిమాడు. మరీ మెత్తగా కాదు, పంటికి తగలాలి. క్యారెట్ కొసలు, క్యాబేజీ మొదళ్ళు సన్నగా తరిగి నూనెలో మగ్గబెట్టాడు. బఠానీలు, పనీరు, కొబ్బరి కోరు, అల్లం, పచ్చిమిర్చి, పొడి గరం మసాలా. గాజుబుడ్డి అడుగున మిగిలిన జీడిపప్పు పలుకుల్ని కూడా వదలలేదు. అన్నీ కలిసి గుప్పుమనగానే ఒక్కపొద్దు ఉన్న అతని నోరు ఊరింది. లోపల్లోపల తనను తాను తిట్టుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇక్కడ బేకరీలో ఒక రివాజు ఉంది. ఇమాం పనిలో చేరిన కొత్తలో ఒకసారి పఫ్ కూర ఉప్పు కషాయం అయింది. కొన్నవాళ్ళంతా తెచ్చి గల్లా మీద పెట్టి వెళ్ళారు. ఇక తన పని అయిపోయిందనుకుని ఇమాం వణికిపోయాడు. మూర్తి గారు తిట్టలేదు. "రేపట్నించి ఉప్పు ఇద్దరం వేద్దాం. సగం నువ్వెయ్యి. నేను రుచి చూసి మిగతాది వేస్తా. చెడితే తప్పు సగం నీది, సగం నాది," అన్నారు. ఆ సగం మాటను ఇమాం ఇన్నేళ్ళుగా గుండెలో దాచుకున్నాడు. ఆయన కోసం చావమన్నా చస్తాడు గానీ, మామూలు రోజుల్లో ఆయన రుచి చూడని కూరను మాత్రం పఫ్‌లో పెట్టడు.

రంజాన్ నెలలో ఇమాం రుచి చూడలేడు కాబట్టి ఆ భారమంతా మూర్తి గారిది. కార్తీక సోమవారాల్లో చుక్కను చూసేదాకా మూర్తి గారు మంచినీళ్ళైనా ముట్టరు కాబట్టి అప్పుడు రుచి చూడటం, మొత్తం ఉప్పు వేయడం ఇమాం వంతు. ఇద్దరి ఒక్కపొద్దులూ ఎప్పుడూ వేరువేరు నెలల్లో వచ్చేవి. ఈ ఏడు రంజాను జరుగుతూ జరుగుతూ వచ్చి కార్తీకంలో పడింది. ఈ సోమవారం ఇద్దరి నాలుకలకూ తాళమే. కార్తీకం పఫ్‌ల కూర నిన్నే చేసి పెట్టుకున్నారు గనక, పొద్దున్నించి ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కూర దించాక తట్టింది ఇమాంకు. 'నేను సగం వేసి, ఆయన రుచి చూడకుండా అంచనా మీద ఇంకాస్త వేస్తే కషాయమే. మొత్తం ఆయన చేతికే వదిలేస్తే పోలా' అనుకుని, ఉప్పు గిన్నెను కూర పక్కన కనబడేలా పెట్టి, భట్టీలో కట్టెలు సర్దడానికి వెళ్ళాడు.

మూర్తి గారు కునుకులోంచి తేరుకుని లోపలికి వచ్చారు. కూర పొగలు కక్కుతోంది, పక్కన ఉప్పు గిన్నె ఉంది. 'సోమవారం కదా, వాడే మొత్తం వేసి ఉంటాడు. గిన్నె పెట్టడం మరిచాడు' అనుకున్నారు. అడుగుదామనుకున్నారు గానీ, ఒక్కపొద్దు ఉన్నవాడిని తిండి సంగతి అడగడం బాగుండదని ఊరుకున్నారు. పోతూ పోతూ ఉప్పు గిన్నెను తీసి అరలో పెట్టారు. ఆయనకు శుభ్రం జాస్తి.

ఇమాం తిరిగొచ్చి చూస్తే గిన్నె అరలో ఉంది. అమ్మయ్య, షావుకారు గారు వేసేశారన్నమాట. ఆయన చేతి మీద ఇమాంకు ఎంత నమ్మకమంటే, ఇంకోసారి ఆలోచించలేదు.

పేర్చి ఉంచిన అంచుల్ని అప్పడాల కర్రతో నిదానంగా వత్తాడు. రేకులో ఒక పొర పరిచి, తడి పీల్చుకోవడానికి ఎండు బ్రెడ్డు పొడి చల్లాడు. దాని మీద కూర, కూర మీద రెండో పొర. అంచుల్ని కజ్జికాయకు మడిచినట్టు బొటనవేలితో మడుచుకుంటూ చుట్టూ తిరిగాడు. ఆ మడతలు అతనికి రసూల్‌బీ నేర్పింది. పెళ్ళైన కొత్తలో పండక్కి కజ్జికాయలు చేస్తూ, అతను చేసినవన్నీ నూనెలో నోళ్ళు తెరుస్తుంటే పగలబడి నవ్వి, అతని బొటనవేలు పట్టుకుని ఒక్కో మడతా వేయించింది. ఎన్ని వేల పఫ్‌లు మడిచినా ఆ వేలి మీద ఆమె చెయ్యి ఉన్నట్టే ఉంటుంది అతనికి.

పైన గుడ్డుకు బదులు పాలు పూశాడు. భట్టీ నేల మీద చిటికెడు మైదా చల్లి చూశాడు. పిండి మాడకుండా మెల్లగా గోధుమరంగుకు తిరిగింది. రేకును పొడుగాటి చెక్క తెడ్డు మీద పెట్టి లోపలికి తోశాడు.

పొద్దుగూకి మసీదు మైకులో మగ్రిబ్ అజాన్ వినబడే వేళకు గంప బల్ల మీద బంగారు రంగులో పొంగి ఉంది. ఇమాం ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగి, ఒక మూల తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నాడు. గంపను ముట్టలేదు. మొదటి ముక్క షావుకారు గారిది. ఆయనేమో రోడ్డు మీద నిలబడి, మెడ ఎత్తి ఆకాశంలో వెతుకుతున్నారు.

"అదిగోనండి, కరెంటు స్తంభం పక్కన," అని చూపించాడు ఇమాం.

"నీ కళ్ళు చల్లగుండ!" అంటూ ఆయన దణ్ణం పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న తీర్థం పుచ్చుకుని వచ్చి కూర్చున్నారు. "ముక్క చిన్నదే పెట్టు. ఇంట్లో భోజనం ఎదురుచూస్తోంది. ఇక్కడ తిని వెళ్ళానని తెలిస్తే మీ అమ్మగారు నన్ను బతకనివ్వదు," అన్నారు. ప్రతి కార్తీక సోమవారమూ ఇదే మాట అంటారు, పెద్ద ముక్కే తింటారు.

అప్పుడే తిరుపతిరావు మోపెడ్ ఆపి చేతులు కడుక్కుని వచ్చాడు. ముగ్గురూ తలొక ముక్క తీసుకున్నారు. పొరలు కరకరమన్నాయి. మూర్తి గారు నములుతూ కాస్త ఆగారు. పొద్దుటి నుంచి ఏమీ తినకపోవడం వల్ల నాలుక మొద్దుబారిందేమో అనుకుని మళ్ళీ నమిలారు. ఇమాం కూడా ఆగాడు. తన నోరే బాగాలేదని, షావుకారు గారి చేతి మీద అనుమానం ఏమిటని మింగేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, బాగుందన్నట్టు తలూపారు.

తిరుపతిరావుకు ఆ మర్యాదలేవీ లేవు.

"ఉప్పేదండీ?" అన్నాడు.

"ఇమాం వేశాడుగా," అన్నారు మూర్తి గారు.

"నేనెక్కడండి? మీరెయ్యలా?"

ఇద్దరూ అరలో ఉన్న ఉప్పు గిన్నె వైపు చూశారు. తర్వాత మూర్తి గారికి నవ్వు వచ్చింది. కుర్చీ కిర్రుమనేలా, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేలా నవ్వారు. "సగం నీది, సగం నాది!" అన్నారు నవ్వు మధ్యలో. తిరుపతిరావు అరలోంచి గిన్నె తెచ్చి తన ముక్క తెరిచి ఉప్పు చల్లుకున్నాడు.

ఇమాం నవ్వలేదు. పిండిలో పడే కాస్త తప్ప ఇందులో రవ్వంత ఉప్పు లేదు. షావుకారు గారు తిన్నారు, తిరుపతిరావు తిన్నాడు, తను తిన్నాడు. ఇది అందరూ తినే గంప.

"ఒక ముక్క ఇంటికి పట్టుకెళ్తానండి," అన్నాడు.

మూర్తి గారికి సంగతి తెలుసు. నవ్వు ఆపి, తనే కత్తి తీసుకుని, అన్నిటికంటే పెద్ద ముక్క కోసి కాగితంలో చుట్టి ఇచ్చారు. "వేడిగా ఉండగానే పో. షట్టరు నేను దించుకుంటా," అన్నారు.

రసూల్‌బీ మంచం మీద కూర్చుని ఉంది. కాగితం విప్పగానే ముక్క కోసిన పక్కను చూసింది. రెండు వైపులా కత్తి గాటు, ఒక వైపు మడతల అంచు. పెద్దదాంట్లోంచి కోసిన ముక్కే.

"అందరూ తిన్నదేనా?"

"షావుకారు గారు కూడా. కావాలంటే రేపు అడుగు."

ఆమె కొరికింది. నిదానంగా నమిలింది. ఇమాం ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. ఉప్పు లేదని చెప్పాలా, ఎందుకు లేదో ఆ కథంతా చెప్పాలా అని నోరు తెరవబోతుండగా ఆమే అంది:

"ఉప్పు సరిగ్గా పడిందయ్యా."

ఇమాం నోరు మూసుకున్నాడు. ఆమె ఇంకో ముక్క తుంచింది, ఇంకోటి తుంచింది. బుగ్గ మీద పొర అంటుకుంటే నాలుకతో తీసుకుంది. నెలన్నర తర్వాత ఆమె తింటుంటే చూడటం అతనికి పండగే. తిరుపతిరావు ఉప్పు చల్లుకున్న తీరు చెప్పబోయి, ఉప్పు మాట ఎందుకులే అని, మూర్తి గారు చుక్కను వెతుక్కున్న తీరు చెప్పి నవ్వించాడు. ఆమె సగం తిన్నాక, మిగతాది తర్వాత తింటానంది. అతను సంతోషంగా మసీదులో రాత్రి చేసే తరావీ నమాజుకు వెళ్ళి వచ్చేసరికి ఆమె పడుకుని ఉంది. దుప్పటి కాళ్ళ మీదికి లాగి తనూ పడుకున్నాడు. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

కళ్ళు తెరిచేసరికి గది నిండా వెలుగు. సహరి దాటిపోయింది. ఏనాడూ ఆమె లేపకుండా ఉండలేదు. పాపం, కడుపునిండా తిన్నది కదా, నిద్రపోయి ఉంటుంది అనుకున్నాడు. కాసేపు లేపకుండానే కూర్చున్నాడు. తర్వాత చెయ్యి పట్టుకుంటే, చల్లగా ఉంది.

మధ్యాహ్నం లోపల నందిగామ నుంచి జీనత్ వచ్చింది. మూర్తి గారు బేకరీ మూసి వచ్చి, ఇంటి బయట ఎండలో నిలబడ్డారు. పొద్దు వాలాక, అసర్ నమాజయ్యాక ఆమెను ఖననం చేసి, మట్టి ఇచ్చి వచ్చారు. అజాన్ వినబడ్డాక జీనత్ మంచినీళ్ళు తెచ్చి, "ఏమన్నా తిను నాన్నా, రాత్రి నించి ఏం తిన్లేదు," అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

పక్కింటి తాయారు గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. చాలాసేపటి నుంచి ఏదో చెప్పాలని చెప్పలేక, చివరికి ఏడుపు గొంతుతో అంది: "రాత్రి నువ్వు మసీదుకు పోయినప్పుడు వచ్చింది అన్నయ్యా, గోడ పట్టుకుని. చిటికెడు ఉప్పు కావాలంది. దీపాలు పెట్టాక ఉప్పు ఇవ్వకూడదంటారు, కాదనలేకపోయా. చేతికివ్వకుండా కాగితంలో పెట్టి గడప మీద పెట్టా. నీకెందుకే ఉప్పు అంటే, నాక్కాదు, ఆయనకి అంది. నాతో పాటు ఆయనా చప్పిడి తింటున్నాడు, ఇంట్లో ఉప్పు డబ్బా కూడా ఎవరికో ఇచ్చేశాడు, ఇయ్యాళ గంప కూడా చప్పగా ఉంది, సహరికి లేస్తే తింటాడు అంది."

ఇమాం లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు మీద ఒక గిన్నె బోర్లించి ఉంది. ఎత్తి చూశాడు. చీమలు పట్టకుండా నీళ్ళు పోసిన పళ్ళెం, నీళ్ళ మధ్యలో ఒక చిన్న పళ్ళెం, అందులో సగం గంప, దాని పక్కన విప్పి పెట్టిన క్యాలెండరు కాగితం మీద, కాస్త చెమ్మగిల్లిన చిటికెడు ఉప్పు.